ఎంత పోస్తే అంత ఎండిన ఫెర్న్: అనంతపురం నుంచి ఒక కేసు

నేపథ్యం

ఇళ్లలో, ఆఫీసుల్లో పెంచే మొక్కలు పాడైతే వెళ్లి చూడటం నా పని. అనంతపురంలో ఫెర్న్ గురించి ఫోన్ వచ్చిందంటే అవతలివాళ్లు అప్పటికే సగం ఆశ వదులుకొని ఉంటారు. "ఈ ఎండకు అది బతికేది కాదులే" అని పక్కింటివాళ్లు చెప్పేసి ఉంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు, ఏప్రిల్ వస్తే 40 డిగ్రీలు దాటే ఊరు. కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. నెపం ఎండ మీద వేసేస్తే మాత్రం అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ఈ కేసు రాయాలనిపించింది అందుకే. ఇంటివాళ్ల అనుమతి తీసుకున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

ఊరి అంచున కొత్త కాలనీ, మొదటి అంతస్తు ఇల్లు. రిటైరైన దంపతులు ఇద్దరే ఉంటారు. కూతురు బెంగళూరులో ఉద్యోగం. చలికాలం చివర్లో వచ్చినప్పుడు అక్కడి నర్సరీలో కొన్న బోస్టన్ ఫెర్న్ తెచ్చి అమ్మకు ఇచ్చింది. పది అంగుళాల మట్టి కుండీ, చుట్టూ వేలాడే పొడవాటి రెమ్మలు. బోస్టన్ ఫెర్న్ నెఫ్రోలెపిస్ ఎక్సాల్టాటా అనే జాతిలోని రకం. ఆ జాతి పుట్టుక అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో. చెట్ల నీడ, ఎప్పుడూ తేమగా ఉండే గాలి, కుళ్లిన ఆకుల పొర దానికి అలవాటు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది, అక్కడి నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగింది. అక్కడి నుంచి నేరుగా మన వేసవి గుమ్మంలోకి వచ్చింది.

సీమలో ఫెర్న్‌లే లేవనుకోవద్దు. పాత దిగుడుబావి ఏదైనా తొంగి చూడండి, రాతి గోడల సందుల్లో పచ్చగా వేలాడుతుంటాయి. అహోబిలం కొండల్లో ఊట కారే బండల దగ్గరా కనిపిస్తాయి. బావి లోపల నీడ ఉంటుంది, తేమ ఉంటుంది, గాలి కదలదు. ఈ మూడూ ఉన్నచోట ఇంత పొడి నేలలోనూ ఫెర్న్ బతుకుతుంది. బావి గోడల్లో పెరిగే జాతుల్లో కొన్నింటికి సున్నం ఉన్నా ఇబ్బంది లేదు. బోస్టన్ ఫెర్న్‌కు ఆ ఓర్పు లేదు. మన్ను కాస్త పులుపు వైపు, పీహెచ్ 5 నుంచి 6.5 మధ్య ఉంటే దానికి సుఖం.

ఏం కనిపించింది

మార్చి ఆఖర్లో వెళ్లాను. ఆ తల్లి మొదట అన్న మాట ఇది: "దినామూ నీళ్లు పోస్తానే ఉండాను నాయనా. ఒక్క దినం తప్పలేదు. ఎంత పోస్తే అంత ఎండుతాంది."

ఆ చివరి వాక్యాన్ని నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. నీళ్లు చాలక ఎండే మొక్కకు నీళ్లు పోస్తే ఎంతో కొంత తేరుకోవాలి. పోసేకొద్దీ ఎండుతోందంటే రెండు దారులే ఉంటాయి. వేళ్లు కుళ్లి నీళ్లు తాగలేకపోతూ ఉండాలి, లేదా పోస్తున్న నీళ్లలోనే ఏదో ఉండాలి.

పాత రెమ్మల్లో ప్రతి చిన్నాకు కొసా గోధుమరంగుకు తిరిగింది. మాడిన భాగానికి, పచ్చటి భాగానికి మధ్య సన్నని పసుపు గీత. చేత్తో తాకితే ఆకులు రాలుతున్నాయి. కొత్త రెమ్మలు పొట్టిగా, పాలిపోయి ఉన్నాయి. వేలు గుచ్చి చూస్తే మన్ను తడిగానే ఉంది. కుండీ బయటి గోడకు తెల్లటి పొడి పేరుకుంది, మన్ను పైన కూడా అలాంటిదే గట్టి పొర.

వేళ్లు చూడకుండా ఏ నిర్ణయమూ వద్దనుకొని మొక్కను కుండీలోంచి జాగ్రత్తగా తీశాను. ఇక్కడ తొందరపడితే పొరపాటు జరుగుతుంది. బోస్టన్ ఫెర్న్ వేళ్లు ఆరోగ్యంగా ఉన్నా సన్నని తీగల్లా ముదురు గోధుమరంగులో ఉంటాయి. రంగు చూసి కుళ్లిందనకూడదు, పట్టి లాగి చూడాలి. కుళ్లిన వేరు పైతోలు చేతికి ఊడి వస్తుంది, వాసన వేస్తుంది. ఇక్కడ వేళ్లు గట్టిగా ఉన్నాయి, కొన్నింటి కొసలు లేతగా ఉన్నాయి, వాసన లేదు. కుళ్లు మాట పక్కన పెట్టాను.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికే ఆ ఇంట్లో చాలా ప్రయత్నాలు జరిగాయి. ఏదీ నిర్లక్ష్యంతో చేసింది కాదు, వీడియోలు చూసి, తెలిసినవాళ్లను అడిగి చేసినవే.

ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు కనపడితే పురుగనుకొని వేపనూనె కలిపి కొట్టారు. అవి పురుగులు కావు. ఫెర్న్‌కు పువ్వూ విత్తనమూ ఉండవు, సిద్ధబీజాలతో వ్యాపిస్తుంది. ఆ సిద్ధబీజాల గుంపులే ఆ చుక్కలు. గుర్తుపట్టడం సులభం: అవి ఆకు అంచు వెంట సమాన దూరంలో వరసగా ఉంటాయి. పొలుసు పురుగైతే వరస ఉండదు, ఈనె మీదా కాడ మీదా ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది, గోటితో గీకితే ఊడుతుంది, చుట్టూ జిగురు ఉంటుంది. ఫెర్న్ ఆకు పలుచన, నూనె మందులకు తొందరగా మాడుతుంది. పైన కొన్ని రెమ్మల మీద కనిపించిన మచ్చలు ఆ నూనెవే.

కొత్త ఆకులు పాలిపోయాయని ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేశారు, దాని మీద గుప్పెళ్లతో వర్మీ కంపోస్ట్. తరువాత ఎవరో చెప్పారని నీళ్లను రాత్రంతా బకెట్లో నిలవ పెట్టి పొద్దున పోయడం మొదలుపెట్టారు. నిలవ పెడితే క్లోరిన్ పోతుంది. నీటిలో కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు. చివరికి చల్లగా ఉంటుందని కుండీని తెచ్చి ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టారు.

ఇన్ని ప్రయత్నాల్లో ప్రతిదీ ఒక లక్షణానికి జవాబు. చుక్కకు వేపనూనె, పసుపుకు ఎప్సం సాల్ట్, వేడికి కూలర్. అన్ని లక్షణాలకూ కలిపి ఒకే కారణం ఉండొచ్చన్న వైపు ఎవరూ చూడలేదు.

నీళ్ల దగ్గరికి

"ఏ నీళ్లు పోస్తున్నారమ్మా?" అని అడిగాను. "ఫిల్టర్ నీళ్లే నాయనా" అన్నారు. ఆ జవాబుతో తృప్తిపడి ఉంటే దారి తప్పేది. ఆర్వో నీళ్లు పోస్తుంటే కుండీ చుట్టూ అంత తెల్లపొడి రాదు. అందుకే పోసే బకెట్ చూపించమన్నాను. వంటింటి గట్టు కింద ఉంది. ఆర్వో మిషన్ నుంచి బయటికి వచ్చే వేస్ట్ పైపు అందులోకి దిగి ఉంది.

ఆ ఇంటికి మున్సిపల్ కుళాయి లేదు, బోరు ఒక్కటే. టీడీఎస్ మీటరు, అంటే నీటిలో మొత్తం ఎంత లవణం కరిగి ఉందో లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే పరికరం, జేబులోనే ఉంటుంది, అక్కడే పెట్టి చూశాను. బోరు నీళ్లు 1400 చూపించాయి. తాగే నీళ్లు 70. వేస్ట్ బకెట్లోవి 2000 పైన. ఇందులో వింతేమీ లేదు. ఆ మిషన్ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు లీటర్లు బయటికి వదులుతోంది. మూడు లీటర్లలో ఉన్న ఉప్పు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోకి చేరుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. మనిషికి ఆఖరి హద్దు అనుకున్న దానికంటే ఎక్కువ ఉప్పు రోజూ ఆ ఫెర్న్ తాగుతోంది.

నీళ్ల కరువు తెలిసిన ఊళ్లో వేస్ట్ నీళ్లు పారబోయడానికి మనసు రాదు. ఆ ఆలోచన సరైనదే, దాన్ని తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఆ నీళ్లు ఎవరికి పోయాలన్నదే ప్రశ్న.

ఉప్పు ఏం చేస్తుందంటే, మన్నులో దాని మోతాదు పెరిగేకొద్దీ తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. పీల్చుకున్న కాస్తలో ఉన్న ఉప్పు ఆకు కొసదాకా వెళ్లి, నీరు ఆవిరయ్యాక అక్కడే మిగిలిపోతుంది. అందుకే కొసలు ముందు మాడతాయి. పాత ఆకులు ఎక్కువ రోజులు తాగాయి కాబట్టి వాటికి ఎక్కువ దెబ్బ. బోరు నీటిలో ఉండే బైకార్బొనేట్లు మన్ను పీహెచ్ పెంచేస్తాయి. అప్పుడు ఇనుము ఉన్నా మొక్కకు అందదు, కొత్త ఆకు పాలిపోతుంది. ఎప్సం సాల్ట్ కూడా లవణమే. లోటు మెగ్నీషియందని తేలకుండా వేస్తే ఉన్న ఉప్పుకు ఇంకొంత ఉప్పు కలిపినట్టే. మట్టి కుండీ గోడల నుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి ఉప్పు లోపల ఇంకా చిక్కబడుతుంది. తెల్లపొడి చెప్పింది అదే.

ఇది ఊహగా మిగలకూడదని ఒక పరీక్ష చేశాను. కుండీలో తాగే నీళ్లు నెమ్మదిగా పోసి, అడుగు కన్నం నుంచి కారిన మొదటి నీళ్లు పట్టి మీటరు పెట్టాను. 4000 దాటింది. ఆ అంకె చూపించాక ఇంటాయన ఆర్వో పైపును ఆ సాయంత్రమే పక్కకు తిప్పేశారు.

మొదటి విడత

కుండీ మార్చాలా, ఉన్నదాన్నే కడగాలా? మన్ను మారిస్తే ఉప్పు ఒక్క దెబ్బతో పోతుంది. కానీ ఎంత జాగ్రత్తగా చేసినా సన్నవేళ్లు తెగుతాయి. ఎదురుగా ఏప్రిల్, మే ఉన్నాయి. తెగిన వేళ్లతో ఆ రెండు నెలలు దాటడం కష్టం. వేళ్లు బతికే ఉన్నాయి కనక కడగడమే మేలనిపించింది.

కడగడానికి ఆర్వో వాడితే ప్రతి లీటరుకూ రెండు లీటర్లు పోతాయి. దాని బదులు వీధి చివరి ప్లాంట్ నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించాం. ముందు పైన ఉన్న గట్టి పొరను, వర్మీ కంపోస్ట్‌ను తీసేశాను. తరువాత కుండీని స్టూలు మీద పెట్టి, మగ్గుతో కొంచెం కొంచెంగా, మధ్యమధ్య ఆగుతూ పోశాం. ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి, ఉప్పు కరగడానికి సమయం దొరకదు. క్యాన్ అయిపోయేసరికి కిందికి కారే నీళ్లు 900కు వచ్చాయి. వారం తరువాత ఇంకో క్యాన్.

రెమ్మల విషయంలో ఆ అమ్మ అన్నీ కత్తిరించేద్దామన్నారు. వద్దన్నాను. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, నిజమే. కానీ సగం పచ్చగా ఉన్న రెమ్మ కూడా మొదలుకు ఆహారం చేసి పెడుతుంది. పూర్తిగా ఎండినవి మాత్రం మొదట్లోకి కోసేశాం. కోలుకుంటోందా లేదా అన్నది పాత కొసలను చూసి తేల్చకండి, నడిమధ్య నుంచి చుట్టుకొని పుట్టే లేత రెమ్మలను, ఆ కొత్త చుట్టలను చూడండి అని చెప్పాను. ఎరువు పూర్తిగా బంద్. తాగే నీళ్లలోంచి రోజుకు అర లీటరు, ఎండ ముదిరితే ముప్పావు, మన్ను పైపొర తడి తగ్గినప్పుడు మాత్రమే.

ఆగిపోయిన చోటు

కొత్త చుట్టలు వచ్చాయి. అందరం సంతోషించాం. చుట్ట విప్పుకోకముందే కొస ఎండి ఆగిపోవడం మొదలైంది.

మళ్లీ ఉప్పేనా? కారిన నీళ్లు పరీక్షిస్తే అంకె పెరగలేదు. పైగా ఈసారి తీరు వేరు. పసుపు గీత లేదు, లేత చుట్ట మొత్తంగా కాగితంలా ఎండుతోంది, అదీ కూలర్ వైపున ఉన్నవే ఎక్కువ. ఇది గాలి పని. హాల్లో తేమ కొలిచే చిన్న మీటరు పెడితే మధ్యాహ్నం కూలర్ ఆపి ఉన్నప్పుడు 22 శాతం. బోస్టన్ ఫెర్న్‌కు కనీసం 50 ఉంటే మంచిది.

ముందు గులకరాళ్ల పళ్లెం పెట్టించాను: వెడల్పు పళ్లెంలో రాళ్లు, నీళ్లు, పైన కుండీ. ఖర్చు లేని పని, తలుపులు మూసి ఉండే గదుల్లో కొంత పని చేస్తుంది. ఇక్కడ పైన ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆ తేమ మొక్క చుట్టూ నిలవలేదు, మీటరు అంకె కదలలేదు. నీళ్లు చల్లడమూ అంతే. అనంతపురం ఏప్రిల్‌లో చల్లిన తుంపర నిమిషాల్లో ఆరిపోతుంది, గంటగంటకూ ఎవరు చల్లగలరు? ఏసీ నుంచి కారే నీళ్లు పోద్దామని ఇంటాయన అడిగారు. ఉప్పు లేని నీళ్లే, మంచి ఆలోచన. కానీ వేసవి గాలిలో తేమే లేనప్పుడు ఏసీకి నీళ్లు ఎక్కడివి? రాత్రంతా నడిచినా అడుగున కాస్త చేరాయి. వానలు పడి గాలి తేమగా మారాక అదే ఏసీ బకెట్లు నింపుతుంది.

కూలర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కూలర్ గదిలో తేమ పెంచుతుంది, అది ఫెర్న్‌కు మేలే. ఎదురుగా పెడితే ఆ ఊపు గాలి తేమ ఇచ్చేదానికంటే ఎక్కువ తీసుకుపోతుంది. కూలర్ ఉన్న గదిలో, దాని గాలి తగలని మూల ఫెర్న్‌కు సరైన చోటు.

స్థలం మార్చాక

గది గాలిని మార్చే బదులు, ఆ ఇంట్లోనే తేమ నిలిచే చోటు వెతకడం మేలనిపించింది. దిగుడుబావి లెక్కే ఇక్కడా: నీడ, తడి, కదలని గాలి. మీటరు పట్టుకొని ఇల్లంతా తిరిగాం. స్నానాల గదికీ వంటింటికీ మధ్య బట్టలుతికే చిన్న గచ్చు ఉంది. మూడు వైపులా గోడ, ఉత్తరం వైపు గ్రిల్. పొద్దున స్నానాలు, బట్టలు, గిన్నెలు అన్నీ అక్కడే, నేల ఎప్పుడూ తడి. మధ్యాహ్నం కూడా 45 చూపించింది. తెల్ల కాగితం మీద చెయ్యి అడ్డం పెడితే మసక నీడ పడేంత వెలుతురు, నేరుగా ఎండ లేదు. చదువుకోవడానికి లైటు అక్కర్లేనంత వెలుతురు ఫెర్న్‌కు సరిపోతుంది.

అలంకారంగా హాల్లో ఉండాల్సిన మొక్కను ఉతుకు బండ పక్కన పెట్టడానికి ఆ అమ్మ మొదట ఒప్పుకోలేదు. కూతురు ఇచ్చిన కానుక అది, వచ్చినవాళ్లకు కనపడాలి. ఆ కోరికను తోసిపుచ్చలేను. వేసవి అక్కడ గడవనిద్దాం, వానలు పడ్డాక హాల్లోకి తెద్దామని ఒప్పందం చేసుకున్నాం. మట్టి కుండీని ఇంకా పెద్ద కుండీలో దించి మధ్యలో తడి ఇసుక నింపాం, గోడ నుంచి ఆవిరవడం తగ్గింది. మే నెలలో విప్పుకున్న చుట్టలు చివరిదాకా నిలిచాయి.

ఇంకో ఆటంకం ఆషాఢంలో. వేడి తగ్గింది కదా అని ధీమాగా ఉంటే, గ్రిల్ వైపు రెమ్మలు మళ్లీ ఎండడం మొదలైంది. మన దగ్గర అసలు వానలు సెప్టెంబరు, అక్టోబరులో. ఆషాఢంలో మబ్బులుంటాయి కానీ గాలి హోరుమని వీస్తుంది. ఫెర్న్‌కు మే కన్నా ఆ నెల ఏమీ తేలిక కాదు. గ్రిల్‌కు షేడ్ నెట్ రెండు మడతలు కట్టించాను. అంతటితో ఆగింది.

సెప్టెంబరులో నాలుగు వానలు పడ్డాక మన్ను మార్చాం. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), బాగా మగ్గిన ఆకు ఎరువు, నీళ్లు నిలవకుండా పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు. కోకోపీట్ ఇటుకను నానబెట్టి పిండిన నీళ్లలో మీటరు పెట్టి చూడండి, కొన్నింటిలో ఉప్పు చాలా ఉంటుంది. అంకె పడిపోయేదాకా పిండి పిండి కడిగాకే కలిపాం. ఈసారి ప్లాస్టిక్ కుండీ. మేడ మీద పట్టిన వాననీళ్లు డ్రమ్ములో మూతపెట్టి ఉంచారు, ఏసీ నీళ్లు దానికి తోడు. ద్రవ ఎరువు లేబుల్ మీద రాసిన దానిలో సగం మోతాదు, నెలకోసారి. సంక్రాంతికి కూతురు వచ్చేసరికి మొక్క హాల్లో ఉంది, కుండీ అంచు కనపడనంతగా రెమ్మలు వేలాడుతున్నాయి. సన్నని తీగలు సాగి పిల్ల మొక్కలు వేశాయి, ఒకటి విడదీసి బెంగళూరుకు పంపారు.

ఈ కేసు తర్వాత

ఇప్పుడు నేను వెళ్లగానే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పమని అడగను, చూపించమంటాను. ఫిల్టర్ నీళ్లు అన్న మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. సాఫ్ట్‌నర్ ఉన్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త: అది సున్నాన్ని తీసి సోడియం ఇస్తుంది, గీజరుకు, కుళాయిలకు మేలు, మొక్కకు కాదు, టీడీఎస్ కూడా తగ్గదు. మీటరుకున్న హద్దు కూడా గుర్తుంచుకోవాలి. మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుంది, ఏది కరిగి ఉందో చెప్పదు. మన బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాలు చాలా ఉన్నాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా లాంటి వాటి ఆకు కొసలు దానికే మాడతాయి. మీటరు అంకె తక్కువగా ఉన్నా ఇవి మాడుతుంటే ఫ్లోరైడ్‌ను అనుమానించాలి.

కొస మాడి పసుపు గీత ఉంటే ఉప్పు, లేత చుట్ట గాలి వైపు ఎండితే తేమ చాలకపోవడం, మొదట్లో పసుపెక్కి మెత్తబడి వాసన వస్తే కుళ్లు. మూడింటికీ చికిత్స వేరు, ఒకదానికి చేసేది ఇంకోదాన్ని పెంచొచ్చు. ఈ కేసులో రెండు ఒకదాని వెనక ఒకటి దాక్కొని ఉన్నాయి. ఉప్పు కడిగాకే గాలి దెబ్బ స్పష్టంగా కనిపించింది. మొదటి రోజే అన్నీ ఒకేసారి మార్చి ఉంటే ఏది పనిచేసిందో తెలిసేది కాదు.

ఆర్వో వేస్ట్ నీళ్లు ఆ ఇంట్లో ఇప్పుడు ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి పోతున్నాయి. నేలలో ఉన్న కొబ్బరి చెట్టుకు అప్పుడప్పుడూ పోస్తారు, దానికి ఉప్పు ఓర్చుకునే శక్తి ఉంది, వాన పడితే నేల కడుక్కుంటుంది. కుండీకి ఆ అవకాశం ఉండదు.

తాగే నీళ్లు రోజుకు అర లీటరు మొక్కకు ఇవ్వలేని ఇళ్లకు, ఇంట్లో తడి మూల లేని ఇళ్లకు నేను ఫెర్న్ పెట్టుకోమని చెప్పను. జెడ్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ చూపిస్తాను. ఫెర్నే కావాలని మనసుపడినవాళ్లు ఫిబ్రవరి, మార్చిలో కొనొద్దు. సెప్టెంబరులో, వానలు మొదలయ్యాక కొనండి. వేసవి వచ్చేలోపు మొక్కకు మన గాలి అలవాటు కావడానికి అయిదారు నెలలు దొరుకుతాయి.